ఒక్కడు చూసే సినిమా

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల మనిషి నిలబడే ఉన్నాడు. చచ్చిపోయి.

వెనక గోడకి ఆనుకుని, ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, ఎవరో దారి అడిగితే చెప్పబోతున్నవాడిలా ఉన్నాడు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఎక్కినప్పుడు అతని పక్కన ఇంకొకరున్నారు. మధ్యలో ఏ అంతస్తులో దిగిపోయారో తెలీదు.

అతను 'ఇంటర్వెల్' ముఠా మనిషి. సరిహద్దుల అవతల పుట్టి, ఇక్కడ బాంబులు పేల్చే ముఠా అది. ఆ ఉదయం గూఢచారి శాఖకి లొంగిపోయి అన్నీ చెప్పేస్తానని వస్తున్నాడు. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. ఫోన్ మాత్రం ఇంకా వెలుగుతోంది. దాని మీద ఒక సినిమా నటి పేరు, ఆ పేరు కింద ఆమెకి బాగా పేరు తెచ్చిన సినిమాల వరస.

* * *

"కూర్చో," అన్నాడు చీఫ్.

"నిలబడతాను సార్."

"ఇది నిలబడి వినే కబురు కాదు."

శాఖలో అతన్ని గొళ్ళెం అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒక మాట లోపల పడితే మళ్ళీ బయటికి రాదని ఆ పేరు. యాభై దాటాయి. మెట్లెక్కితే మోకాలు పలుకుతుంది, నోరు మాత్రం పలకదు.

చీఫ్ గోడ మీద తెర వెలిగించాడు. చచ్చినవాడి ఫోన్ అంత పెద్దదై గోడంతా పరుచుకుంది. గొళ్ళెం ఆ పేరు చదివాడు. కూర్చున్నాడు.

"తూనీగ," అన్నాడు చీఫ్.

అది ఆమెకి శాఖ పెట్టిన పేరు. ఒకప్పుడు ఒక మిషన్ కోసం ఇద్దర్నీ భార్యాభర్తలుగా నటించమన్నారు. మిషన్ అయిపోయింది. నటన ఆపడం ఇద్దరికీ చేతకాలేదు. రెండేళ్ళు ఒకే గిన్నెలో కాఫీ కాచుకున్నారు. తర్వాత శాఖకి ఇంకో అవసరం వచ్చింది. ఆమె అందగత్తె, గొంతు బాగుంటుంది. సినిమా నటిగా వెళ్ళి ఇంటర్వెల్ ముఠాలో చేరమన్నారు. మొదట్లో కబుర్లు పంపింది. తర్వాత తగ్గాయి. తర్వాత లేవు. శాఖలో ఆమె ఫైలు మీద ఎవరో ఎర్ర సిరాతో 'అటు తిరిగిపోయింది' అని రాశారు.

విడిపోవడం అనేది వీడ్కోలు రోజున జరగదు. ఆ రోజు హడావుడి ఉంటుంది, పెట్టె సర్దాలి, తాళాలు వెతకాలి. మర్నాడు పొద్దున్న అలవాటుగా రెండో కప్పు కూడా కడిగి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడతామే, అప్పుడు జరుగుతుంది. గొళ్ళేనికి అది జరిగి తొమ్మిదేళ్ళు. కప్పు ఇంకా ఉంది.

"అక్కా, నువ్వు చెప్పు," అన్నాడు చీఫ్.

ఆ గదిలో మూడో మనిషి ల్యాబ్ అక్క. శాఖ పరికరాలన్నీ ఆవిడ చేతి కిందివే. చీఫ్‌తో సహా అందరికీ అక్కే. నెరిసిన జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది.

"ఏపీఐ అంటే తెలుసా మీకు?"

"తెలీదని నీకు తెలుసు. కానివ్వు."

"బ్యాంకులో కౌంటర్ కిటికీ అనుకోండి. ఒక పేరు రాసి చీటీ లోపలికి తోస్తాం. జవాబు చీటీ బయటికి వస్తుంది. లోపలున్నవాడి మొహం మనకి కనపడదు, మన మొహం వాడికి అక్కర్లేదు. ఈ సినిమా డేటాబేస్‌కి అలాంటి కిటికీ ఒకటుంది. నటి పేరు తోస్తే ఆవిడకి బాగా పేరు తెచ్చిన సినిమాలు వరసగా చెబుతుంది. ప్రపంచంలో ఎవడైనా అడగొచ్చు. అడిగినవాడిని ఎవడూ అనుమానించడు. సినిమా పిచ్చోళ్ళు లేని ఊరేది?"

"ఇందులో రహస్యమేముంది?"

"వరసలో ఉంది సార్. బాగా పేరు తెచ్చిన సినిమా అంటే గొప్పదని కాదు. ఈమధ్య జనం ఏ సినిమా పేజీ తెరిచి, అందులో ఉన్న సినిమాని ఎక్కువగా చూశారో అది. అంతే."

"మన ప్రమోషన్లలాగే," అన్నాడు చీఫ్. గొళ్ళెం నవ్వలేదు.

"పెద్ద తారల వరస మార్చాలంటే ఊళ్ళకి ఊళ్ళు చూడాలి. ఈవిడలాంటి చిన్న నటికైతే కాసిని బాట్లు చాలు. బాట్లంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములు. ముఠావాళ్ళు ఎక్కడో ఒక గదిలో వాటిని పెట్టుకుని, కావలసిన సినిమాని పైకి లేపుతారు. మామూలప్పుడు పైన 'ఉప్పు దీపం' ఉంటుంది. 'పదకొండో మేడ' పైకొచ్చి నిలిచినప్పుడల్లా ఎక్కడో ఒకచోట బాంబు పేలింది. ఫోన్ లేదు, ఉత్తరం లేదు, కొరియర్ లేదు. ఒక నటి పేరు అడగడం, జవాబు చదవడం. అంతే వాళ్ళ వైర్‌లెస్."

"ఇప్పుడు పైన ఏముంది?"

"పదకొండో మేడ. నిన్నట్నుంచి."

చీఫ్ గోడ మీది తెర వైపు మళ్ళీ చూశాడు.

"ఇంకోటుంది," అంది ల్యాబ్ అక్క. "'అద్దెకు మబ్బులు' అని. అట్టర్ ఫ్లాప్. ఈవిడ నాలుగు నిమిషాలు కనిపిస్తుంది. అదీ రెండుసార్లు పైకొచ్చింది, ఎందుకో తెలీదు. దాన్ని ఒకే ఒక్కడు చూస్తున్నాడు సార్. మన ఊళ్ళోంచే. ఏళ్ళ తరబడి, రోజూ, సాయంత్రం టీ వేళకి. ఎవడో పట్టుకోలేకపోయాను. మనవాళ్ళే నేర్పించినట్టు దాక్కున్నాడు. ముఠా స్లీపర్, అంటే మన మధ్యే దాక్కున్న వాళ్ళ మనిషి అయ్యుంటాడని మూడు రోజుల కిందట వాడి దారి మూయించేశాను."

గొళ్ళెం చెయ్యి జేబులోని ఫోన్ మీదికి వెళ్ళి ఆగింది.

మూడు రోజులుగా అతని ఫోన్‌లో ఆ పేజీ తెరుచుకోవడం లేదు. 'మళ్ళీ ప్రయత్నించండి' అంటోంది. అతను ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఒక బస్టాండులో నిలబడి, మనకి కనిపించని ఎవరినో సాగనంపుతుంది. మాటలుండవు. బస్సు కదిలాక చేతి గడియారాన్ని తిప్పి, డయల్ మణికట్టు లోపలి వైపుకి తెచ్చుకుంటుంది. సినిమా చూసినవాళ్ళెవరికీ అది పట్టలేదు, అసలు సినిమానే ఎవరికీ పట్టలేదు. గొళ్ళేనికి మాత్రం అది తమ పాత సైగ. డయల్ లోపలికి తిప్పితే 'ఆగు, వస్తాను.' బయటికి తిప్పితే 'ఆగకు, వెళ్ళిపో.'

అందుకని రోజూ టీ వేళకి ఆ పేజీ తెరిచి, ఆ ముక్క చూసి, మూసేసేవాడు. ఆ మీదట కాసింత టీ తాగేవాడు. ఏజెంటు ఇలా గతాన్ని తడుముకోవడం నేరం కాబట్టి, నేర్చుకున్న విద్యంతా వాడి దాక్కునేవాడు.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఈ పని నుంచి తప్పిస్తారు. ఇంకొకర్ని పంపుతారు. ఆ ఇంకొకరికి ఆమె ఒక ఫోటో. ఫోటోని కాల్చడం కష్టమేం కాదు.

గొళ్ళెం, గొళ్ళెంలాగే ఉండిపోయాడు.

"ఈ మధ్యాహ్నం ఆమె ఒక డబ్బింగ్ స్టూడియోలో ఉంటుంది," అన్నాడు చీఫ్. "ముఠా నాయకుడు కూడా. ప్రొడ్యూసర్ అంటారు వాడిని. నిజంగానే సినిమాలు తీస్తాడు, అవీ బాంబుల్లాగే ఉంటాయి. నువ్వు మైకు రిపేరువాడివి. ఆమె మన మనిషో వాళ్ళ మనిషో మొహం చూసి చెప్పగలిగేది నువ్వొక్కడివే. తీసుకురా."

"రానంటే?"

చీఫ్ బల్ల మీద కాగితాలు సర్దాడు. అవి ముందే సర్ది ఉన్నాయి.

బయట కారిడార్లో ల్యాబ్ అక్క అతనికి సంచీ అందించింది. "ఇవి చెరో చెవిలో పెట్టుకో, ఒకదాంట్లో నేను మాట్లాడతాను. ఇది బియ్యపు గింజంత ఉంది చూశావా, మైకు లోపల పడెయ్యి. బయటున్నా రెండో చెవిలో నీకు వినిపిస్తుంది. ఇది స్క్రూడ్రైవర్."

"ఏం చేస్తుంది?"

"స్క్రూలు తిప్పుతుంది. అన్నీ తుపాకులే ఇస్తే రిపేరెవడు చేస్తాడు తమ్ముడూ?"

అతను నవ్వబోయి దగ్గాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, "ఏదైనా చెప్పాలా నాకు?" అంది.

"లేదక్కా."

* * *

టైర్ల కొట్టు వెనక సన్నటి సందు. చివర మూడంతస్తుల మేడ. మెట్ల మీద ఎవరో వదిలేసిన కాఫీ కప్పులు. స్టూడియో తలుపు పరుపంత మందంగా ఉంది. దాని పైన ఎర్ర బల్బు. వెలిగితే లోపల రికార్డింగు జరుగుతోందని, ఎవరూ తుమ్మకూడదని.

గొళ్ళెం చేతికి సంచీ, జేబులో టెస్టర్, ముక్కు కింద అతికించిన మీసం. లోపల రెండు గదులు, మధ్యలో అద్దం. ఇవతల గదిలో యంత్రాల ముందు ముగ్గురు. మధ్యలో కూర్చున్న బొద్దు మనిషి బత్తాయి ఒలుస్తున్నాడు, తొక్క తెగకుండా, ఒకటే పట్టీగా. అతనే ప్రొడ్యూసర్.

"రా బాబూ. అమ్మగారి మైకు గరగరమంటోంది. కాస్త త్వరగా చూడు."

అద్దం అవతల ఆమె.

సిల్కు చొక్కా, పైకెత్తి ముడేసిన జుట్టు, చెవులకి పొడుగాటి రాళ్ళ జూకాలు. గదిలో ఖరీదైన సెంటు వాసన. ఎదురుగా తెర మీద ఇరవై ఏళ్ళ హీరోయిన్ ఒకమ్మాయి చప్పుడు లేకుండా నవ్వుతోంది. ఆ నవ్వుకి గొంతు ఇవ్వడం ఇవాళ ఆమె పని.

గొళ్ళెం అద్దానికి వీపు పెట్టి మైకు ముందు వంగాడు. వైరు ఊడదీశాడు. ఇక ఇక్కడి మాట అవతలికి వినపడదు.

"మైకులో గాలి దూరుతోందట?" అన్నాడు. అది వాళ్ళ పాత కోడ్ మాట.

ఆమె కదల్లేదు. కాగితాలు చదువుతున్నట్టు తల దించుకునే ఉంది. జూకాలు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఊగాయి.

"గాలి కాదండీ. వాన," అంది.

మైకు మూతకి నాలుగు స్క్రూలు. అతను మొదటిది తిప్పాడు.

"ముసలాడైపోయారు," అంది. దొంగ కాపురంలో మొదలుపెట్టిన 'మీరు' ఆమె నోటికి అతుక్కుపోయింది.

"నువ్వు కాలేదు."

"మేకప్పండీ. లోపల గోడ ఎప్పుడో కూలింది."

"నిన్ను తీసుకురమ్మన్నారు."

"రానంటే?"

అతను రెండో స్క్రూ తిప్పాడు.

"సరే, అర్థమైంది." ఆమె కాగితం తిరగేసింది. అప్పుడడిగింది, చాలా మెల్లగా. "ఎందుకు మానేశారు?"

"ఏది?"

"చూడ్డం. మూడు రోజులుగా మబ్బులు కిందికి జారుతున్నాయి. మొదటి రోజు జ్వరమేమో అనుకున్నాను. రెండో రోజు పోయారేమో అనుకున్నాను. మూడో రోజుకి, పోయారనుకోవడమే నయమనిపించింది."

స్క్రూడ్రైవర్ జారి మైకు స్టాండుకి తగిలింది.

"నేనని నీకెలా తెలుసు?"

"ఆ సినిమాని రోజూ చూసే వెర్రివాళ్ళు ఎంతమందుంటారండీ? మా అమ్మే సగంలో లేచెళ్ళిపోయింది."

"మానలేదు," అన్నాడు గొళ్ళెం. "మావాళ్ళే దారి మూసేశారు. ఎవడో శత్రువనుకున్నారు. నేనే అని చెప్పలేదు నేను."

"ఎందుకు?"

"చెబితే నీ దగ్గరికి వేరేవాణ్ణి పంపేవారు."

ఆమె కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. తర్వాత మాటలు గబగబా వచ్చాయి, ఏళ్ళ తరబడి లోపల పేర్చి పెట్టుకున్నట్టు.

"వినండి. ఈ సినిమాల కోడ్ రాసింది నేనే. మేడ పైకొస్తే కానివ్వమని, మబ్బులు పైకొస్తే రద్దు చేసుకుని చెదిరిపొమ్మని. ఎవరూ చూడని సినిమా, దానంతటది పైకి రాదు, రద్దుకి అదే మంచిదని ప్రొడ్యూసర్‌ని నమ్మించాను. ఒకరు చూస్తారని నాకు తెలుసుగా. మీ చూపుల వల్ల అది ఎప్పుడూ మేడ వెనకాలే నిలబడి ఉండేది. మేడ కాస్త తగ్గిందంటే ఇది పైకి. రెండు బాంబులు అలా ఆగిపోయాయండీ. మీకు తెలీదు. నేను కబుర్లు పంపే దారి వీళ్ళు మూసేశారు. ఇదొక్కటే మిగిలింది నాకు."

అతను మూడో స్క్రూ మీద చెయ్యి పెట్టి తిప్పడం మర్చిపోయాడు. తన బెంగ ఎక్కడో ఎవరి ప్రాణాలో కాపాడుతోందని మనిషికి ఎవరు చెబుతారు? బెంగ బెంగలాగే ఉంటుంది, పనికొచ్చేదానిలా ఉండదు.

"ఇవాళ?"

"ఆరింటికి. ఎక్కడో నాకూ తెలీదు. బాంబే ఆ కిటికీలోకి నా పేరు తోస్తుంది. జవాబులో మేడ పైనుంటే పేలుతుంది."

"కిటికీ మూయించేస్తాం."

"జవాబు రాకపోయినా పేలుతుంది. ఇంకో సినిమా పైకి రావాలి. దీపం అడుక్కి వెళ్ళిపోయింది, లేవదు. మబ్బులు ఒక్కటే దగ్గర్లో ఉంది. గంట గంటకీ వరస తిరగరాస్తారు. ఆరింటికి రాసేదే ఆఖరిది."

"వాడిని ఇప్పుడే పట్టుకుంటే?"

"అద్దం వెనక ముగ్గురున్నారు. ఎవడి వేలు ఫోన్ మీద పడినా, బాట్ల గదిలో ఇంకో వెయ్యి లేస్తాయి. అప్పుడు ఊరంతా చూసినా మబ్బులు రావు. నేను ఇక్కడే నవ్వుతుండాలి. వాడు ఆ బత్తాయి తింటూ హాయిగా కూర్చోవాలి. ఆరింటి దాకా."

"ఆరింటికి మబ్బులు పైకొస్తే, అది నీ పనేనని తెలుస్తుంది."

"పోయినసారే అనుమానం వచ్చింది వాడికి. ఈసారి తేలిపోతుంది."

స్పీకర్లోంచి ప్రొడ్యూసర్ గొంతు వచ్చింది. "బాబూ, అయిందా?"

గొళ్ళెం వెనక్కి తిరక్కుండా చెయ్యెత్తాడు, ఒక్క నిమిషం అన్నట్టు.

"ఏడవకండి," అంది ఆమె. "మీసం ఊడొస్తుంది."

బియ్యపు గింజని మైకు లోపల పడేశాడు. మూత పెట్టాడు. "ఆరింటికి ఆ తలుపు దగ్గరుంటాను. మావాళ్ళతో."

"ఉండండి."

ఆమె కాగితాలు సర్దుకుంటూ చెయ్యి కాస్త తిప్పింది. గడియారం డయల్ మణికట్టు లోపలి వైపుంది. అతను వైరు తగిలించాడు. ఇక మాటలుండవు. సంచీ తీసుకుని బయటికొచ్చాడు. అతని వెనక ఆ మందపాటి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది, పైన ఎర్ర బల్బు వెలిగింది.

* * *

సందు చివర రిపేరు వ్యానులో కూర్చుని మీసం పీకేశాడు.

"అక్కా. ఆ మూడో సినిమా చూసేవాడి దారి తెరువు."

"ఏ వాడు?"

"నేనే అక్కా."

చెవిలో పెన్సిల్ కింద పడిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు. "తమ్ముడూ... నువ్వా? ఏళ్ళ తరబడి, రోజూ..."

"ఏడుపు తర్వాత. నేనొక్కణ్ణి చాలను. ఆరింటికల్లా ఆ సినిమా పైకి రావాలి. రాకపోతే బాంబు. ఎక్కడో తెలీదు. మన ఆఫీసులో ఎంతమందున్నారో అందరూ చూడాలి. ఎవరి ఫోన్లో వాళ్ళు. తెరిచి మూసేస్తే లెక్కలోకి రాదు. ఆమె కనిపించే ఆ నాలుగు నిమిషాలైనా చూడాలి. టీముని ఇక్కడికి పంపు, ఆరు దాకా సందులోకి అడుగు పెట్టొద్దని చెప్పు."

రెండో చెవిలో నవ్వు మొదలైంది. మైకులో ఆమె. నిండుగా, గలగలమని, ఇరవై ఏళ్ళ పిల్లలా నవ్వుతోంది.

"వన్ మోర్ అమ్మా," అంది ప్రొడ్యూసర్ గొంతు. "కాస్త సిగ్గు కలిపి."

ఆమె సిగ్గు కలిపి నవ్వింది.

ఆఫీసులో ఏం జరిగిందో ల్యాబ్ అక్క చెబుతూనే ఉంది. టైపిస్టులు, డ్రైవర్లు, గేటు దగ్గర కాపలావాళ్ళు, అందరూ ఫోన్లు తీశారు. చీఫ్‌కి పేజీ తెరవడం రాక టైపిస్టు పక్కన కూర్చుని తెరిపించుకున్నాడు. క్యాంటీన్ బాబాయి ఇంటికి ఫోన్ చేశాడు. "అత్తయ్యా, ఎందుకని అడక్కండి, దేశం కోసం ఒక సినిమా చూడండి." అవతల ఆవిడ ఏమందో స్పీకర్లో అందరికీ వినపడింది. "దేశం కోసమైతే ఇంకాస్త మంచి సినిమా దొరకలేదా అల్లుడూ?" అయినా చూసింది. పక్కింటివాళ్ళనీ పిలిచింది.

"ఏముంది పైన?"

"మేడే. తేడా తగ్గుతోంది తమ్ముడూ."

"వన్ మోర్ అమ్మా," అంది ప్రొడ్యూసర్ గొంతు.

గొళ్ళెం తన ఫోన్ తీశాడు. ఈసారి పేజీ తెరుచుకుంది. బస్టాండు. వెలిసిపోయిన రంగులు. ఆమె నిలబడి ఉంది, తొమ్మిదేళ్ళ కిందటి మొహంతో. బస్సు కదిలింది. చెవిలో నవ్వు, కళ్ళ ముందు ఆ వీడ్కోలు. ఆమె గడియారం తిప్పింది.

"తమ్ముడూ," అంది ల్యాబ్ అక్క. "ఇక్కడందరూ ఆ బస్టాండు దగ్గరికొచ్చారు. చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు."

ఆరు.

అతను ఆ పేరుని కిటికీలోకి తోశాడు. ఊళ్ళో ఎక్కడో, ఏ చీకటి మూలో, ఇంకోటి కూడా అదే క్షణంలో అదే పేరు తోసింది. ఫోన్ తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. జవాబు వచ్చింది.

మొదటి వరసలో, 'అద్దెకు మబ్బులు'.

ల్యాబ్ అక్క వెనకాల అరుపులు, చప్పట్లు. అతను చెవిలోంచి వాటిని తీసి పారేశాడు. అప్పటికే పరుగెడుతున్నాడు. వెనక టీము బూట్ల చప్పుడు. మోకాలు పలికింది, అతను వినలేదు. మెట్లు, కాఫీ కప్పులు, మొదటి మలుపు.

రెండో చెవిలో నవ్వు ఆగిపోయింది. ఆమె గది లోపలి తలుపు తెరుచుకున్న చప్పుడు. బత్తాయి వాసన కూడా వచ్చినట్టనిపించింది అతనికి.

"అమ్మా," అన్నాడు ప్రొడ్యూసర్, చాలా మర్యాదగా. "నీ సినిమా హిట్టయింది."

"ఆలస్యమైనా," అంది ఆమె. "ఎవరో చూశారన్నమాట."

ఇంకొక్క మలుపుంది. ఎర్ర బల్బు కనిపిస్తోంది. అంత మందపాటి తలుపు కదా, తుపాకీ చప్పుడు బయటికి రాలేదు. అతని చెవిలో మాత్రం వినిపించింది.

* * *

ప్రొడ్యూసర్‌ని, ఆ ఇద్దర్నీ అక్కడే పట్టుకున్నారు. వాళ్ళ ఫోన్ల వెంట వెళ్తే మర్నాడే బాట్ల గది దొరికింది. బాంబు దొరకడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఒక పిల్లల ఆసుపత్రిలో, బాయిలర్ గదిలో, 'రద్దు' అన్న జవాబు అందుకుని తనంతట తాను ఆరిపోయి, బుద్ధిగా కూర్చుని ఉంది.

ఆమె కుర్చీలోనే ఉంది. గొళ్ళెం ముందు చూసింది మొహం కాదు, చెయ్యి. గడియారం డయల్ బయటి వైపుకి తిరిగి ఉంది. ఆ తలుపు తెరుచుకోవడానికీ, ఆ మాటలకీ మధ్యలో ఎప్పుడో తిప్పి ఉంటుంది. ఆగకు, వెళ్ళిపో.

తన ఉద్యోగంలో అతను పాటించని ఆర్డర్ అదొక్కటే.

ఫైలు మీద ఎర్ర సిరా రాతని చీఫ్ తన చేత్తోనే కొట్టేశాడు. కొట్టేసి, దాని పక్కన ఏం రాయాలో తోచక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ల్యాబ్ అక్క ఇప్పుడు గొళ్ళేన్ని 'ఏదైనా చెప్పాలా' అని అడగడం లేదు. టీ వేళకి ఊరికే వచ్చి పక్కన కూర్చుంటుంది.

"ఇక చూడక్కర్లేదు కదా తమ్ముడూ," అంది ఒక రోజు.

"తెలుసక్కా," అని పేజీ తెరిచాడు.

'అద్దెకు మబ్బులు' పైనుంచి కిందికి దిగలేదు. క్యాంటీన్ బాబాయి అత్తగారు చెప్పిందట, ఆ పిల్లని చూస్తే ఏడుపాగలేదని, వీధిలో అందరికీ. వాళ్ళు ఇంకొందరికి చెప్పారు. ఇప్పుడు ఆ నటి పేరు కిటికీలోకి తోస్తే మొదట వచ్చేది అదే. ఆమె చేసిన పనుల్లో జనానికి తెలిసింది ఆ నాలుగు నిమిషాలు.

బాబాయికి లోపలి కథేమీ తెలీదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఫోన్లోకి తొంగి చూసి మురిసిపోయాడు.

"మనమంతా చూసి నిలబెట్టిన సినిమా కదా సార్! ఇంత ఆడాక సక్సెస్ మీట్ పెట్టకపోతే ఎలా?"

గొళ్ళెం తెర మీద బస్సు వెళ్ళిపోయేదాకా ఆగాడు. టీ చల్లారింది. చాలా రోజుల తర్వాత అతని పెదవి ఒక పక్కకి కొద్దిగా వంగింది.

"పెట్టొచ్చు బాబాయ్. కాకపోతే ఆర్టిస్టు డేట్స్ దొరకవు."